డ్రిల్లు కొనే ముందు చూడాల్సింది గోడను, ఆ తర్వాతే వోల్టులను

సంపాదకుల వారికి నమస్కారములు.

ఇంటి పనులకు పనికొచ్చే పనిముట్ల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అరలు బిగించడం, కర్టెన్ రాడ్లు అమర్చడం, వదులైపోయిన మడతబందులను సరిచేయడం వంటి చిన్న పనులకు ప్రతిసారీ పనివాళ్ల కోసం ఎదురుచూడనక్కర లేదని, కాస్త ఓపిక ఉంటే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చని అందులో రాసిన మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే తీగ లేకుండా బ్యాటరీతో నడిచే కార్డ్‌లెస్ డ్రిల్లును ఎలా ఎంచుకోవాలో చెప్పిన చోట, వోల్టులు ఎంత ఎక్కువుంటే డ్రిల్లు అంత మంచిదన్న అర్థం వచ్చే ఒకే ఒక్క వాక్యంతో సరిపెట్టారు. సరిగ్గా అదే నమ్మకంతో నేను ఒకప్పుడు డ్రిల్లు కొని నష్టపోయాను కాబట్టి, మీ పాఠకులు అదే దారిలో వెళ్లకూడదన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా ఇంట్లో కిటికీ పైన కర్టెన్ రాడ్ బిగించడానికని నేనొక డ్రిల్లు కొన్నాను. పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది వోల్టుల సంఖ్య కాబట్టి దాన్ని చూసే ఎంచుకున్నాను. మొదటి రంధ్రం మొదలుపెట్టగానే పై పూత ఇట్టే తెగింది. ముందు తెల్లటి పొడి, ఆ వెనకే బూడిదరంగు సిమెంటు పొడి సన్నగా రాలాయి. అర అంగుళం దాటగానే, డ్రిల్లు ముందు బిగించి రంధ్రం తొలిచే ఇనుప పుల్ల, అంటే బిట్టు, ఆగిపోయింది. మోటారు తిరుగుతూనే ఉంది, చప్పుడు సన్నబడి కీచుమంటోంది, పొడి మాత్రం రాలడం లేదు. స్టూలు మీద నిలబడి ఒంటి బరువంతా మోపి నొక్కాను. బయటికి తీసి చూస్తే బిట్టు కొన నల్లగా కమిలిపోయి, పదునుగా ఉండాల్సిన అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. మరునాడు వేరే పని మీద వచ్చిన ఎలక్ట్రీషియన్ తన సంచిలోంచి రోటరీ హ్యామర్ తీసి, అదే చోట పెద్దగా నొక్కకుండానే కొద్ది క్షణాల్లో రంధ్రం వేశాడు. "ఇది ఇటుక కాదమ్మా, లింటెల్. గోడ ఏదో చూసుకోకుండా మిషన్ కొంటే ఇంతే" అన్నాడు. లింటెల్ అంటే కిటికీ పైన అడ్డంగా పోసే కాంక్రీటు దిమ్మె. ఈ విషయంలో నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ ఉపయోగపడింది.

వోల్టుల సంఖ్య అబద్ధమని నేను అనడం లేదు. అది చెప్పేది చాలా కొద్ది అని మాత్రమే అంటున్నాను. లిథియం-అయాన్ సెల్ ఒక్కోటి సాధారణంగా 3.6 వోల్టులు ఇస్తుంది. అలాంటివి ఐదు వరసగా కలిపితే 18 వోల్టుల బ్యాటరీ అవుతుంది. అవే ఐదింటిని నిండా ఛార్జ్ చేసి, ఏ పనీ చేయించకుండా కొలిస్తే ఒక్కోటి 4 వోల్టులకు పైనే చూపిస్తుంది కాబట్టి, దాన్నే 20 వోల్టులని రాసుకునే కంపెనీలు ఉన్నాయి, 21 అని రాసుకునేవీ ఉన్నాయి. అంటే 18, 20, 21 అని పక్కపక్కన పెట్టి అమ్మే డ్రిల్లులలో ఉండేవి అవే ఐదు సెల్స్. 12 వోల్టులని చెప్పే చిన్న డ్రిల్లులో మూడు సెల్స్ ఉంటాయి, దాని అసలు లెక్క 10.8 వోల్టులు. ఇక పేరు తెలియని సరుకు మీద 48, 88 వంటి సంఖ్యలు వేసి, పక్కనే ఏవో ఆంగ్ల అక్షరాలు తగిలించి అమ్మడం కూడా చూస్తున్నాం. అలాంటి చోట పెట్టె మీది అంకెను పక్కనపెట్టి, బ్యాటరీ అడుగున అంటించిన చీటీలోని చిన్న అక్షరాలు చదవాలి.

ఈ వోల్టుల మోజుకు ఒక చరిత్ర ఉంది. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ తీగ అక్కర్లేని డ్రిల్లును మొదట తయారుచేసినప్పుడు వాడినవి నికెల్-కాడ్మియం సెల్స్. అవి ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి 18 వోల్టులు కావాలంటే 15 సెల్స్ పేర్చాలి. వోల్టులు పెరిగితే డ్రిల్లు పరిమాణమూ బరువూ శక్తీ అన్నీ పెరిగిన ఆ రోజుల్లో ఒక్క అంకె చూసి కొనడంలో కొంత అర్థం ఉండేది. 2005 ప్రాంతం నుంచి లిథియం బ్యాటరీలు ఈ పనిముట్లలోకి వచ్చాక ఆ లెక్క మారింది కానీ కొనేవాళ్ల అలవాటు మాత్రం మారలేదు.

బ్యాటరీని తూచాలంటే వోల్టులతో పాటు ఆంపియర్-అవర్లు కూడా చూసి రెండింటినీ హెచ్చవేయాలి. ఇంటి పైన ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో చెబితే కుళాయిలో నీళ్లు ఎంత జోరుగా పడతాయో తెలుస్తుంది గానీ, ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో తెలియదు కదా. ఆ ఎత్తు లాంటివి వోల్టులు, ఆ నీళ్ల లాంటివి ఆంపియర్-అవర్లు. 18 వోల్టులు, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండే శక్తి 36 వాట్-అవర్లు. 10.8 వోల్టుల చిన్న డ్రిల్లుకు 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తగిలిస్తే 43 వాట్-అవర్లు దాటుతుంది. పెద్ద అంకె ఉన్న డ్రిల్లు కంటే చిన్న అంకె ఉన్నదే ఎక్కువసేపు పనిచేసే సందర్భం ఇలా వస్తుంది. ఈ చిన్న గుణకారం మీ వ్యాసంలో ఉండి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఇప్పుడు అసలు విషయమైన గోడ దగ్గరికి వస్తాను. చెక్క, ప్లైవుడ్, పలచని ఇనుప రేకు వీటిలోనే పని అయితే మామూలు డ్రిల్లు చాలు. ఇటుక గోడలో అప్పుడప్పుడూ 6, 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాల్సి వస్తే హ్యామర్ సౌకర్యం ఉన్న డ్రిల్లు కావాలి. కాంక్రీటు లింటెల్, బీము, స్లాబు అయితే ఈ రెండూ సరిపోవు, రోటరీ హ్యామర్ కావాలి. "హ్యామర్" అన్న మాట రెండింటి పేరులోనూ ఉండడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. హ్యామర్ డ్రిల్లు లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఆ పళ్లు ఎక్కి దిగినప్పుడల్లా బిట్టు ఒక చిన్న కుదుపుతో ముందుకు పోతుంది. నిమిషానికి వేల కుదుపులు ఉన్నా ఒక్కో దెబ్బలో బలం తక్కువ, పైగా మనం నొక్కి పట్టుకుంటేనే అది పనిచేస్తుంది. రోటరీ హ్యామర్‌లో అలా కాదు. లోపల పిస్టన్ గాలిని అదిమి, ఆ గాలి ఒత్తిడితో ఒక ఇనుప ముద్దను బిట్టు వెనక మోదిస్తుంది. దెబ్బ బలం మిషనుదే కాబట్టి మన చేతులు దాన్ని నిలకడగా పట్టుకుంటే చాలు. దాని బిట్టు మొదలు కూడా గాడులు చెక్కి వేరేగా ఉంటుంది, మామూలు డ్రిల్లులో బిట్టును పట్టి ఉంచే భాగమైన చక్‌లో బిగించే గుండ్రటి బిట్టు దానికి సూటిగా పట్టదు.

అంతమాత్రాన ప్రతి ఇంటికీ రోటరీ హ్యామర్ కొనమని నేను చెప్పను. కాంక్రీటులో వేసే రంధ్రాలు ఏడాదికి నాలుగో ఐదో ఉంటే, ఆ రోజుకు అద్దెకో అరువుకో తెచ్చుకోవడం లేదా పని తెలిసిన మనిషిని పిలవడం మేలు. ఆ నాలుగు రంధ్రాల కోసం బరువైన మిషను కొని, మిగతా ఏడాదంతా అలమారా మడతబందుకు చిన్న స్క్రూ బిగించడానికి దాన్నే మోయడం అనవసరమైన శ్రమ. ఇంటి పనుల్లో డ్రిల్లు రంధ్రాలు వేసేదానికంటే స్క్రూలు బిగించేదే ఎక్కువని నాలుగేళ్ల అనుభవంతో చెప్పగలను.

అందుకే, గోడ సంగతి తేలాక నేను అన్నిటికంటే ముందు చూడమనేది చక్ వెనక ఉండే రింగును. దాన్ని క్లచ్ అంటారు. దాని మీద 1 నుంచి 15 వరకో 20 వరకో అంకెలు, చివర ఒక బిట్టు బొమ్మ ఉంటాయి. స్క్రూ మీద పడే మెలితిప్పే బలం ఒక హద్దు దాటగానే మోటారుకూ చక్‌కూ మధ్య పట్టు వదిలేసి టకటకమని చప్పుడు చేయడమే ఈ క్లచ్ పని. అంకె చిన్నదైతే తొందరగా వదిలేస్తుంది, పెద్దదైతే ఆలస్యంగా వదిలేస్తుంది. బిట్టు బొమ్మ దగ్గర పెడితే అసలు వదలదు, అది రంధ్రాలు వేయడానికి మాత్రమే. చాలామంది కొన్న రోజు నుంచి ఆ బొమ్మ దగ్గరే ఉంచి స్క్రూలు కూడా దానితోనే బిగిస్తారు. అలా చేస్తే స్క్రూ పూర్తిగా దిగాక కూడా తిరుగుతూనే ఉండి, చెక్కలో తాను కోసుకున్న మరలను తానే పొడి చేసేస్తుంది. లేదా బిట్టు జారి స్క్రూ తల మీది ప్లస్ గాటును నున్నగా అరగదీస్తుంది. అలా అరిగిన స్క్రూ బిగియనూ బిగియదు, ఊడనూ ఊడదు. మా వంటగది అలమారా తలుపుకు ఒక మూల ఇలాగే పాడైతే, జిగురు రాసిన అగ్గిపుల్లలు ఆ రంధ్రంలో కుక్కి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఇప్పుడు నేను రింగును 3 దగ్గర పెట్టి మొదలుపెడతాను. టకటకమన్నప్పుడు స్క్రూ తల ఇంకా పైకే ఉంటే ఒక్కో అంకె పెంచుకుంటూ పోతాను, తల చెక్కతో సమానంగా కూర్చునే అంకె దొరికాక మిగతా స్క్రూలన్నీ దానితోనే బిగిస్తాను. అలా మడతబందులన్నీ ఒకే తీరుగా కూర్చున్నప్పుడు కలిగే తృప్తి వేరు.

ఈ మెలితిప్పే బలాన్నే టార్క్ అంటారు, న్యూటన్-మీటర్లలో కొలుస్తారు. పెట్టె మీద వేసేది చాలాసార్లు గట్టి వస్తువులో స్క్రూ ఒక్కసారిగా బిగుసుకున్న క్షణంలో వచ్చే గరిష్ఠ బలం. మెత్తటి చెక్కలో నిదానంగా దిగుతున్నప్పుడు ఉండే బలం దానికంటే బాగా తక్కువ. రెండు అంకెలూ వేసిన కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను. 12 వోల్టుల తరగతిలో 20 నుంచి 35 న్యూటన్-మీటర్ల వరకు ఇచ్చే డ్రిల్లులు దొరుకుతాయి. అలమారాలకు, అరలకు వాడే స్క్రూలకు అందులో కొద్ది భాగమే సరిపోతుంది.

పై భాగాన జరిపే గేరు మీట గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1లో వేగం తక్కువ, బలం ఎక్కువ. నిమిషానికి దాదాపు 400 లేదా 500 చుట్లు. 2లో వేగం ఎక్కువ, సుమారు 1500 చుట్లు, కొన్నింట్లో అంతకు మించి. స్క్రూలకూ పెద్ద రంధ్రాలకూ 1, చెక్కలో చిన్న రంధ్రాలకు 2. తిరుగుతుండగా ఆ మీటను జరపకూడదు, గేర్ల పళ్లు దెబ్బతింటాయి.

బ్రష్‌లెస్ మోటారు ఉన్నది కొనాలా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. పాత తరహా మోటారులో కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ కరెంటు అందిస్తాయి, ఆ రాపిడిలో కొంత శక్తి వేడిగా పోతుంది, బ్రష్షులూ అరుగుతాయి. బ్రష్‌లెస్‌లో ఆ పని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చేస్తుంది కాబట్టి అదే బ్యాటరీ మీద ఎక్కువసేపు నడుస్తుంది. రోజూ వాడేవారికి అది తప్పనిసరి. నెలకు రెండుసార్లు బయటికి తీసేవారికి అది లేకపోయినా లోటేమీ ఉండదని నా అభిప్రాయం.

బరువు గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేకపోవడం నన్ను బాధించింది. బ్యాటరీతో కలిపి 12 వోల్టుల డ్రిల్లు సుమారు ఒక కిలో, 18 వోల్టులది కిలోన్నర లేదా అంతకంటే ఎక్కువ తూగుతుంది. బల్ల మీద పెట్టి చూస్తే ఆ అరకిలో తేడా తెలియదు. స్టూలు ఎక్కి, చెయ్యి తలకంటే పైకి చాపి, రెండో చేత్తో రాడ్ క్లాంపును పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. చిన్న చేతులున్నవారికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి, నాలాంటి ఆడవాళ్లకు అలవికాని మిషను కొనిపెడితే అది అటక ఎక్కుతుంది. కొనే ముందు బ్యాటరీ తగిలించి చేతికివ్వమని అడగాలి. చెయ్యి చాపి ఒక నిమిషం పట్టుకుని చూడాలి, పిడి చుట్టూ వేళ్లు పూర్తిగా వస్తున్నాయో లేదో చూడాలి. ఆ పైన ఒక పొడవాటి సన్నటి బిట్టు బిగించి నిదానంగా తిప్పమనాలి. బిట్టు కొన ఒకే చోట నిలబడి తిరిగితే చక్ సరిగ్గా ఉన్నట్టు, గాలిలో చిన్న సున్నా గీస్తున్నట్టు కనిపిస్తే చక్కో బిట్టో వంకర ఉన్నట్టు. రెండో బిట్టు పెట్టి చూసినా అలాగే తిరిగితే ఆ డ్రిల్లు వద్దు.

బ్యాటరీ విషయంలో కొనేవారిని కట్టిపడేసే చిక్కు ఇంకొకటి ఉంది. సాధారణంగా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకొక కంపెనీ డ్రిల్లుకు పట్టదు. ఒకే కంపెనీలో కూడా 12 వోల్టులది 18 వోల్టులదానికి పట్టదు. 2018లో మెటాబో అనే జర్మన్ కంపెనీ ముందుండి కొన్ని కంపెనీలను కలిపి ఒకే బ్యాటరీ అందరి పనిముట్లకూ సరిపోయేలా ఒక ఉమ్మడి ఏర్పాటు చేసింది. అలాంటివి ఉన్నా, అన్ని కంపెనీలకూ కలిపి ఒకే కొలత మాత్రం ఇప్పటికీ లేదు. కాబట్టి మొదటి డ్రిల్లుతో పాటే మనం ఒక బ్యాటరీ కుటుంబాన్ని ఎంచుకుంటున్నట్టు లెక్క. రేపు రంపమో, చెక్కను నున్నగా చేసే సాండరో కొనాలనుకుంటే అదే కుటుంబంలో దొరుకుతాయా, రెండో బ్యాటరీ విడిగా అమ్ముతున్నారా అన్నది ముందే కనుక్కోవాలి. బ్యాటరీ విడిగా దొరకని డ్రిల్లు ఎంత మంచిదైనా, ఆ ఒక్క బ్యాటరీ ఆయుష్షే దాని ఆయుష్షు. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి పక్కన పడేయకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. కొంతకాలం వాడబోమని తెలిస్తే సగం దాకా ఛార్జ్ చేసి చల్లటి చోట ఉంచాలి.

డ్రిల్లు మీద పెట్టిన శ్రద్ధ బిట్టు మీద కూడా పెట్టాలి. డ్రిల్లుతో పాటు పెట్టెలో ఇచ్చే చవక బిట్లు చూసి మోసపోకూడదు. గోడకు కొనలో కార్బైడ్ ముక్క అతికిన బిట్టు వేరు, చెక్కకు మధ్యలో సూది మొన ఉన్న బిట్టు వేరు, ఇనుముకు హైస్పీడ్ స్టీలు బిట్టు వేరు. స్క్రూ బిట్లలోనూ చూడటానికి ఒకేలా ఉండే ప్లస్ గుర్తులు రెండు రకాలు. ఒకదాని తల మీద ప్లస్ చేతుల మధ్య మరో నాలుగు సన్నటి గీతలు కనిపిస్తాయి, అది పోజీ రకం. ఆ గీతలు లేనిది ఫిలిప్స్. ఒకదాని బిట్టు ఇంకోదానిలో పెడితే కూర్చున్నట్టే ఉండి, బలం పడగానే జారుతుంది. గోడ రంధ్రం లోతు సరిగ్గా రావాలంటే స్క్రూకు పట్టు దొరకడానికి ఆ రంధ్రంలో దూర్చే ప్లగ్గు పొడవుకు కొంచెం ఎక్కువ కొలిచి బిట్టు మీద ఆ చోట టేపు ముక్క చుట్టుకుంటే చాలు.

రంధ్రం పెట్టే ముందు స్విచ్ బోర్డు ఎక్కడుందో చూడాలి. దాని నుంచి నిట్టనిలువుగా పైకీ కిందికీ, అడ్డంగా పక్కలకీ గోడలో వైర్లు పోయే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ దారుల్లో డ్రిల్లు పెట్టకూడదు. స్నానాల గది గోడ అయితే కుళాయిల నుంచి పైపులు ఎటు పోయాయో తెలుసుకోవాలి. కళ్లద్దాలు, మూతికి మాస్కు తప్పనిసరి, ఎందుకంటే కాంక్రీటు పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ ఊడదీయాలి. ఇవి కూడా మీ వ్యాసంలో ఉంటే బాగుండేది.

మీకు నా మనవి ఇది. ఇకమీదట ఇలాంటి పనిముట్లను పోల్చి పట్టిక వేసినప్పుడు వోల్టుల గడి ఒక్కటే కాకుండా బ్యాటరీ వాట్-అవర్లు, టార్క్, బ్యాటరీతో కలిపిన బరువు, చెక్కలోనూ ఇటుకలోనూ ఇనుములోనూ ఎంత లావు రంధ్రం వేయగలదన్న కొలతలు కూడా ఇవ్వండి. ఇవన్నీ పేరున్న కంపెనీల వివరణ పుస్తకాల్లో ఉండేవే. ఏదైనా కంపెనీ వీటిలో ఒకటి చెప్పకపోతే ఆ గడిని ఖాళీగానే అచ్చు వేయండి, ఆ ఖాళీ కూడా కొనేవారికి కనిపించాలి. పట్టిక పైన మాత్రం, మీ గోడ ఇటుకదా కాంక్రీటుదా అన్న ప్రశ్నను మొదటి వరుసలో పెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు